రెండు గీతల స్ప్రింగు

యిన్‌మెయ్ వదిన ఆ రోజు మా మేనమామ ముందు నా మీద ఒక్క చాడీ చెప్పి ఉంటే, లిషాన్ కొండ మీద నా వాటా తోట ఇవాళ్టికీ నా పేరు మీదే ఉండేది. చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ దగ్గర గట్టి మాటే ఉంది. అడగాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని అడిగాడు కూడా. అయినా చెప్పలేదు. పాతికేళ్లు దాటినా ఆ కోపం నాకు చల్లారలేదు.

నా చదువు ఆరో తరగతితో సరి. పన్నెండో ఏట మా నాన్న నా చేతిలోంచి పలక తీసుకుని రెంచీ పెట్టాడు. తుంగ్‌షి ఊళ్లో కొండదారి మొదలయ్యే మలుపు దగ్గర నా షెడ్డు. పైనుంచి పండ్లూ క్యాబేజీలూ దించే బళ్లన్నీ నా గుమ్మం ముందునుంచే పోవాలి. మా అన్నకి హైస్కూలు దక్కింది, కొండ మీద తోట పెట్టే పనీ వాడికే దక్కింది. ఆరు ఫెన్ల పీచ్ తోట, అంటే ఎకరన్నరకి కాస్త తక్కువ. కాగితాల్లో మాత్రం అన్నదమ్ములిద్దరిదీ. అన్న పోయాక రెండేళ్లు వదిన ఒక్కతే దాన్ని చేసింది.

1995లో, చెట్లు పూతమీద ఉండగా మా మేనమామ దిగాడు. మా హక్కా జాతి వాళ్ల ఇళ్లలో ఆస్తి పంచాల్సి వస్తే తల్లి తోడబుట్టినవాడు వచ్చి కూర్చోవాలి. ఆయన తేల్చిందే తీర్పు. మావయ్య టీ తాగి, కప్పు బోర్లించి చెప్పాడు.

"ఈ పంట చూస్తా. యిన్‌మెయ్ తన పండు తనే బజారుకి చేర్చుకోగలిగితే తోట చెరిసగం. చేర్చలేకపోతే మొత్తం తియెన్‌వాంగ్ చూసుకుంటాడు, ఆవిడకి ఏటా తిండికి ఇంత ఇస్తాడు. పండుని మగ్గబెట్టి పాడుచేసుకునే చేతుల్లో చెట్లు ఉండకూడదు."

తియెన్‌వాంగ్ అంటే నేనే.

తెల్లవారుతూ కోసిన పీచ్ పండు మధ్యాహ్నం వేలంపాటకి తైచుంగ్ చేరాలి. చేరకపోతే మర్నాటికి దాని బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. సొంత బండి లేనివాళ్లు దళారి షియెకి తోట దగ్గరే అమ్ముకోవాలి, ఆయన కాటా మీద, ఆయన ధరకి. ఆ షియె అప్పటికే నా చెవిలో ఒక మాట వేసి ఉంచాడు. తోటంతా నా చేతికొస్తే పదేళ్లకి కౌలుకి తీసుకుంటాడట, నేను కొండెక్కే పనే ఉండదట. నేను కాదనలేదు.

వదినకి బండి ఉంది. అన్న వదిలిపోయిన చిన్న నీలం లారీ. మార్చిలో ఎరువు మూటలు వేసుకుని ఎక్కుతుంటే రేడియేటర్ నీళ్లన్నీ కారిపోయి ఇంజను పట్టేసింది. తాడు కట్టి నా షెడ్డుకే లాక్కొచ్చారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆవిడ ఓడిపోవాలనే నా లోపల ఉంది. కానీ ఇంజను చెడ్డగా కట్టడం మాత్రం నాకు చేతకాదు. పదమూడు వందల సీసీ పాత ఇంజను ఇక పనికిరాదు. పాత ఇనుము కొట్లో అదే జాతి పెద్ద ఇంజను బ్లాకు, పద్దెనిమిది వందలది, దొరికింది. బోరు కొట్టించాను. కొత్త పిస్టన్లు వేశాను. క్రాంకు సానపట్టించి నలభై రోజులు దాంతోనే కాపురం చేశాను. చేత్తో తిప్పితే నూనెలో గరిటె తిరిగినట్టు తిరిగింది.

ఇంజను పెద్దదైంది గాని దానికి పెట్రోలు పోసే ఇంజెక్షన్ సామాను మాత్రం పాత చిన్న ఇంజనుదే. కంపెనీ వాళ్లు పదమూడు వందలకి లెక్కగట్టి పెట్టింది. సెల్ఫు కొడితే లేచింది, నిలబెట్టి ఉంచితే పాట పాడినట్టు తిరిగింది. షెడ్డు ముందు ఎత్తు ఎక్కిద్దామని సగం తొక్కేసరికి దగ్గు మొదలు. ఇంకా తొక్కితే ఊపిరాడనివాడిలా ఎగశ్వాస పెట్టి ఆగిపోయింది.

షియె అక్కడే ఉన్నాడు, నోట్లో తమలపాకు నములుతూ.

"గేదెకి పాలపీక పెట్టావేంట్రా తియెన్‌వాంగ్! దూడ తాగేది గేదెకి ఏం సరిపోద్ది?"

"కార్బొరేటర్ పెట్టేద్దాం వదినా," అన్నాను నేను. "పెట్రోలు లెక్క కట్టే ఈ కంపెనీ పెట్టెని ఎవడూ మార్చలేడు. దాని లోపల రాసి ఉన్నది చదవడం నా వల్ల కాదు, నా తాత వల్ల కాదు."

"కార్బొరేటర్ వద్దు మరిదీ. షియె గారి బండి చూస్తన్నాగా. కింద సరిచేస్తే పైన పొగ, పైన సరిచేస్తే కింద దగ్గు. ఇంజెక్షన్‌కి ఆ గొడవ ఉండదంటారు గదా."

"అంటారు," అన్నాను.

"మరి ఈ పెట్టెకి ఇంజను పెద్దదో చిన్నదో ఎట్టా తెలుసుద్ది?"

ముప్ఫై ఏళ్లుగా బళ్లు విప్పుతున్నాను, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. "తెలియదు. గాలి ఎంత లోపలికి పోతోందో చూసి దానికి తగ్గ పెట్రోలు వదుల్తుంది, అంతే," అని గాలి డబ్బా విప్పి చూపించాను. డబ్బాలో తలుపులాంటి రెక్క ఒకటి. ఇంజను గాలి పీల్చినప్పుడు అది తెరుచుకుంటుంది, దాన్ని వెనక్కి లాగడానికి ఒక స్ప్రింగు. రెక్క ఎంత తెరుచుకుంటే పెట్టె అంత పెట్రోలు పోస్తుంది.

వదిన వేలితో రెక్కని నెట్టింది. వదిలింది. మళ్లీ నెట్టింది. పక్కనున్న నల్ల మూతని గోరుతో లేపి లోపలికి తొంగిచూసింది. గడియారంలో ఉండేలాంటి స్ప్రింగు, దాన్ని బిగించే పళ్లచక్రం.

"ఇది కాటా మరిదీ," అంది.

షియె నమలడం ఆపాడు. ఎందుకంటే అంతకుముందు ఏడు, పదకొండు మంది రైతులు చూస్తుండగా, వదిన ఆయన గుండ్రటి కాటాని స్క్రూడ్రైవరుతో విప్పి, స్ప్రింగు ఎక్కడ బిగించి ఉందో వేలుపెట్టి చూపించింది. ఆ రోజునుంచి లిషాన్‌లో ఆయన కాటాని బస్తా కప్పి పెట్టుకోవాల్సి వచ్చింది.

"పది కిలోల కాటా మీద పధ్నాలుగు కిలోల పండు పెడితే ఏమవుద్ది?" అని నన్ను అడిగింది.

"ముల్లు పది దగ్గర ఆగిపోద్ది."

"ఆ పైనున్న నాలుగూ లెక్కలోకి రావు. నీ ఇంజనుకి జరుగుతున్నది అదే. రెక్క చివరికంటా తెరుచుకుని గోడకి ఆనింది. ఇంజను ఇంకా పీలుస్తానే ఉంది గాని ఇంకా పీల్చానని చెప్పుకోడానికి దానికి చోటు లేదు. పెట్రోలు ఎవరు పోస్తారు?"

నేను రెక్కని గోడకంటా నెట్టి పట్టుకున్నాను.

"అదే షియె గారు మనకి చేసినట్టు స్ప్రింగు బిగిస్తే?"

"ఆ ఎగతాళి ఎందుకమ్మా ఇప్పుడు," అన్నాడు షియె.

"బిగిస్తే రెక్క తక్కువ తెరుచుకుంటుంది," అన్నాను. "పధ్నాలుగు పెట్టినా పదే చూపిద్ది. కానీ అప్పుడు ముందునుంచీ పెట్రోలు తక్కువే పోద్ది వదినా, నిలబెట్టినా లేవదు."

"మరి ముల్లు చూపించే ఒక్కో గీతకి ఇప్పుడు పోసే దానికన్నా కాస్త ఎక్కువ పొయ్యమను. పెట్టెని ముట్టుకోవద్దు. పోసే గరిటె పెద్దది చెయ్యి."

నా సొరుగులో ఎప్పుడో విప్పిన పద్దెనిమిది వందల బండి ఇంజెక్టర్లు నాలుగు గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒకే రెప్పపాటు తెరుచుకున్నా చిన్నవాటికన్నా ఎక్కువ పోస్తాయి. తలుపు బిగించి గరిటె పెంచితే లెక్క లెక్కకి సరిపోతుంది. పెట్టె మాత్రం తను ఇంకా ఆ పాత చిన్న ఇంజనుకే వండి పెడుతున్నాననుకుంటుంది. నా వృత్తి నాది, సొరుగు నాది, ఇంజెక్టర్లు నావి. ఆ మాట మాత్రం ఆవిడ నోట్లోంచి వచ్చింది.

మా ఆవిడ చున్‌లాన్ గుమ్మంలో బీన్స్ గిల్లుతూ అంతా విన్నది. "ఏమయ్యా, ఆరో తరగతి దాటని వాళ్లకి అది తోచకపోడం తప్పు కాదులే," అంది. "మీ వదినది నాలుగో తరగతి."

జూన్ ఆఖర్లో ఇంజెక్టర్లు వేశాను. స్ప్రింగు ఏదో ఉజ్జాయింపుగా బిగించాం. అసలు బిగింపు కొండ మీదే చూసుకుంటానంది వదిన, తోటపని ఆగదు గదా అని. మావయ్య ఫోను చేసి నన్నూ వెళ్లమన్నాడు. వెళ్లాను.

రెండు రోజులు ఆవిడ పని చూశాను. రెండు వేల మీటర్ల ఎత్తు, చెమట పట్టని చలి, కాయలన్నిటికీ కాగితం తొడుగులు వేసి తోట తెల్లగా ఉంది. వదిన బండిలో ఎరువు మూటలు నింపి, కనుమ దాకా తొక్కి పట్టి ఎక్కించేది. పైన ఇంజను ఆపి స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూసేది. మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, స్ప్రింగు ఒక పన్ను బిగించేది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. ప్లగ్గు చల్లారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోదు. ఆ కాస్త సేపట్లో రోడ్డు వారనున్న అడవి ఆకుకూర కోసుకుని ఒళ్లో వేసుకునేది. పన్నెండో పన్ను దగ్గర ప్లగ్గు వేయించిన వేరుశెనగ పొట్టు రంగుకి తిరిగింది. బండి కనుమ ఎక్కుతుంటే ఆ పాత రేకులన్నీ నవ్వినట్టుంది. నేను కట్టిన ఇంజను అలా పలుకుతుందని నాకే తెలియదు.

ప్లగ్గు నా అరచేతిలో పెట్టింది. "చూడు మరిదీ. బాగున్నట్టేనా?"

ఇప్పుడు చెబుతాను. కొండ మీద గాలి పల్చన. ఆ రెక్క గాలి తోసిన తోపుని చెబుతుంది గాని, వచ్చిన గాలి చిక్కనిదో పల్చనిదో సరిగ్గా చెప్పలేదు. పైన కొంచెం ఎక్కువే చెబుతుంది. అక్కడ ప్లగ్గు గోధుమరంగుకి వచ్చేదాకా బిగిస్తే, కిందికి దిగాక పెట్రోలు చాలదు. దిగేటప్పుడు ఏమీ కాదు, బండి దానంతటదే జారుతుంది. మైదానంలో, ఎండలో, నిండు లోడుతో తొక్కిపట్టి పోతేనే లోపల మంట ముదురుతుంది. పిస్టన్ నడినెత్తిన కరుగుతుంది. కొండబళ్లవి అలాంటి చిల్లుపడ్డ పిస్టన్లు నా షెడ్డులో మూడు ఉన్నాయి. ఒకదాంట్లో నేను మేకులు వేసుకుంటాను.

"బాగుంది వదినా," అన్నాను.

మర్నాడే బస్సెక్కి దిగిపోయాను.

జులై పదకొండున మొదటి కోత. పొద్దున పది దాటాక మలుపులో ఆ ఇంజను చప్పుడు వినబడింది. వెనక మూడు వరసల పెట్టెలు, పైన తడి గోనెపట్టా. హారను కొట్టి పోతుందనుకున్నాను. నా లెక్కలో, తైచుంగ్ దారిలో ఫెంగ్‌యువాన్ దాటాక, పెద్ద రోడ్డు మీద పావుగంటకి ఇంజను పోవాలి.

బండి నా షెడ్డు ముందు ఆగింది.

వదిన దిగి, ముందు సీటు లేపి, గాలి డబ్బా మూత తీసింది. చిన్న స్క్రూడ్రైవరు తన జేబులోదే. స్ప్రింగు చక్రాన్ని ఒకటి, రెండు, మూడు, నాలుగు పళ్లు వెనక్కి వదిలింది. దగ్గరికెళ్లి చూశాను. చక్రం మీద గోళ్లరంగుతో రెండు గీతలు, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు.

"ఇదేంటి?"

"ఎర్రది కొండది. తెల్లది కిందది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్తారు? మొన్న పండ్ల పెట్టెల కోసం దిగా. అట్ట పెట్టెలు నింపుకుని తైచుంగ్‌నుంచి వస్తుంటే లోపల టకటకా కొట్టింది, బండి వేడెక్కింది. పక్కకి ఆపి ప్లగ్గు తీస్తే సున్నంలా తెల్లగా ఉంది. ఇంకో రెండు మైళ్లు తొక్కితే పోయేదే." మూత నొక్కి, గుడ్డతో చేతులు తుడుచుకుంది. "కొత్తగా కాపురానికొచ్చినప్పుడు లిషాన్‌లో అన్నం పలుకు పలుకుగా ఉండేది. అత్త చేత తిట్లు తిన్నా. అక్కడ నీళ్లు వేరుగా మరుగుతాయి, కుక్కర్లోనే వండాలి. అన్నానికి కొండ వేరూ పల్లం వేరూ అయితే, ఇంజనుకి కాదా?"

నేను రెంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నువ్వు ప్లగ్గు చూశావు గదా," అంది, నా వైపు చూడకుండా. "నీకు తెలుసు గదా మరిదీ?"

నేను నేల మీద పడ్డ నట్టు కోసం వంగాను. అక్కడ నట్టేమీ లేదు.

"టీ ఉందా?" అంది వదిన.

చున్‌లాన్ తెచ్చి ఇచ్చింది. రెండు గుక్కల్లో తాగి, కప్పు గడప మీద పెట్టి, బండెక్కి వెళ్లిపోయింది. మధ్యాహ్నం రెండింటికి తైచుంగ్ బజారునుంచి మా ఇంటికి ఫోను చేసింది, నాతో కాదు, చున్‌లాన్‌తో. చేరానని చెప్పడానికి.

ఆ తర్వాత అయిదు వారాలు రోజూ అదే. దిగుతూ ఆగి తెల్ల గీతకి వదిలేది, ఎక్కుతూ ఆగి ఎర్ర గీతకి బిగించేది. రెండు నిమిషాలు కూడా పట్టదు. చెయ్యి చూడకుండా కట్టెల పొయ్యి ఎగదోసినంత సులువుగా చేసేది. వారం తిరక్కుండానే నా షెడ్డు ముందు బళ్లు ఆగడం మొదలైంది. నా కోసం కాదు. "ఆవిడ ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాళ్లు. ముప్ఫై ఏళ్లు కొండదారి తోలిన ముసలి డ్రైవర్లు, నా మీద నమ్మకం లేక తైచుంగ్‌లో పని చేయించుకునే వాళ్లు, మూత తీసి పట్టుకుని ఆవిడ ముందు బడిపిల్లల్లా నిలబడేవాళ్లు. షియె డ్రైవరు కూడా వచ్చాడు, యజమానికి చెప్పొద్దని బతిమాలుతూ. వదిన వాడి బండి కార్బొరేటర్ స్క్రూకీ రెండు గీతలు పెట్టింది. "మీ అయ్యకి చెప్పు, ఈ కాటా మాత్రం నేను సరిగ్గానే తూచానని," అంది.

వాడు చెప్పే ఉంటాడు. ఆ వారమే షియె వచ్చి, కౌలు మాట ఇక మర్చిపోమన్నాడు.

ఒక్క రోజే పండు బజారుకి చేరలేదు. కొండదారిలో డేజీ ఆనకట్ట దగ్గర వానకి రాళ్లు జారి దారి మూసుకుపోయింది. సాయంత్రం దాకా తీయరని తెలిశాక, వదిన పట్టా విప్పి, ఆగిపోయిన బస్సు జనానికీ రాళ్లు తీసే కూలీలకీ లోడంతా పంచిపెట్టింది. దారి ఊడ్చాక కూలీలు మిగతా బళ్లన్నీ ఆపి ముందు నీలం లారీని పంపారట. ఆ సాయంత్రం కొత్త పెట్టెల కోసం ఖాళీ బండితోనే దిగి, నా షెడ్డు ముందు ఆగి, తెల్ల గీతకి వదిలింది. "ఖాళీ బండికి అవసరం లేదు గదా వదినా," అన్నాను. "ఉందిలే," అంది. "అలవాటు తప్పకూడదు."

అయిదు వారాల్లో మా ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలు లేవు. ప్లగ్గు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎప్పుడెత్తుతుందా అని నేను రోజూ ఎదురుచూశాను. చెప్పుకోడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. మర్చిపోయానని, చలికి బుర్ర పనిచేయలేదని, చెప్పాననుకున్నానని. ఒక్కటీ వాడే అవకాశం ఆవిడ ఇవ్వలేదు.

ఆగస్టు ఆఖర్న మావయ్య దిగాడు. ముందుగదిలో పెద్దల పేర్ల పలక ముందు అగరొత్తులు వెలిగించి, పీట మీద కూర్చున్నాడు. రెండు కాగితం ముక్కల మీద 'పై సగం', 'కింది సగం' అని రాసి, మడిచి, బియ్యం గిన్నెలో వేశాడు. పంపకానికి ముందు అడగాల్సిన మాట ఒకటుంది, అది అడిగాడు.

"ఒకరి మీద ఒకరికి చెప్పుకోవాల్సింది ఏముందో ఇప్పుడే చెప్పండి. ఇప్పుడు చెప్పనిది ఇంకెప్పుడూ చెప్పకూడదు. యిన్‌మెయ్, ముందు నువ్వు. తియెన్‌వాంగ్ ఏ రకంగానైనా నీకు అడ్డం వచ్చాడా?"

నేను లేచి నిలబడ్డాను. అరవడానికి సిద్ధమయ్యే నిలబడ్డాను. ఆవిడ చెప్పాలి, నేను కాదనాలి, చున్‌లాన్ ఏడవాలి, మావయ్య పీట తన్నాలి. నాలుగు మాటలు అనుకుని, ఆ వేడిలో కాగితం తీసుకుని నా సగం నేను పట్టుకుపోయేవాణ్ణి. అలాంటివి నాకు బాగా వచ్చు.

"ఏమీ లేదు మావయ్య గారూ," అంది వదిన. "మరిది ఇంజను చాలా బాగా కట్టాడు. అట్టాంటి ఇంజను కాబట్టే నిలబడింది. వేరేవాళ్లు కట్టిందైతే మొదటి వారమే పోయేది."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"నీకేమన్నా ఉందా?" అని మావయ్య నన్నడిగాడు.

మేకుల డబ్బాగా పనికొస్తున్న ఆ చిల్లు పిస్టన్ గుర్తొచ్చింది. నోరు తెరిచాను. నిజం నా నోటికి రాలేదు. వచ్చి ఉంటే అంతటితో పోయేది, నాలుగు చీవాట్లతో.

"గిన్నెలో చెయ్యి పెట్టు," అన్నాడు మావయ్య.

బియ్యంలోంచి రెండు కాగితాలూ తీశాను. రెండూ వదిన వైపు జరిపాను.

"ఇదేంట్రా?"

"కొండెక్కే ఓపిక నాకు లేదు మావయ్యా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. వదిన చూడలేదు. అగరొత్తి బూడిద రాలుతుంటే దాన్ని వేలితో పలక మీదనుంచి తుడుస్తోంది. చున్‌లాన్ లోపలికెళ్లి, సొరుగులోంచి నా పేరు ముద్ర తెచ్చి, ఎర్ర సిరాలో అద్ది నా చేతికిచ్చింది. ముద్ర నేనే వేశాను, నా చేత్తోనే, వంకర లేకుండా.

నీలం లారీ ఇంకా తిరుగుతోంది. ఇంజను నేను కట్టిందే. గాలి డబ్బాలో ఇప్పటికీ ఆ రెండు గీతలే, ఏటా రంగు మాత్రం కొత్తగా దిద్దుతుంది. దిగుతూ ఒకసారి, ఎక్కుతూ ఒకసారి నా షెడ్డు ముందు ఆగుతుంది. జులైలో మొదటి కోత రోజు ఒక పెట్టె గడప మీద పెట్టి పోతుంది. ఆ పండ్లు నేను తినను. చున్‌లాన్ తింటుంది, వినబడేలా.

ఆవిడ ఆ రోజు ఒక్క చాడీ చెప్పనందుకు నాకు పోయింది మూడు ఫెన్ల నేల, డెబ్బై రెండు పీచ్ చెట్లు, నీళ్ల ట్యాంకులో సగం.